అమ్మే తేదీ రాసుకుని కొనేవాళ్లు

రియల్ ఎస్టేట్ ప్రైవేట్ ఈక్విటీ కొలువులకు తయారవ్వాలంటే ఎక్సెల్ రావాలి, ఇంగ్లిషు రావాలి. వాటికంటే ముందు సొంత ఊరి భూమిని పరాయివాడిలా చూడటం రావాలి.

ముంబైలో, బాంద్రా కుర్లా కాంప్లెక్సులో ఒక ఇంటర్వ్యూ జరుగుతోందనుకుందాం. ఎక్సెల్ పరీక్ష అయిపోయింది. క్యాప్ రేటంటే ఏంటి, ఐఆర్‌ఆర్ అంటే ఏంటి లాంటి ప్రశ్నలూ అయిపోయాయి. బల్లకు అటువైపున్న ఆవిడ ల్యాప్‌టాప్ మూసి, తీరిగ్గా అడుగుతుంది: "మీకు బాగా తెలిసిన స్థలం ఒకటి చెప్పండి. అందులో మా ఫండు వంద కోట్లు పెట్టాలా, వద్దా?"

చాలామంది హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ పేరో, బెంగళూరు అవుటర్ రింగు రోడ్డు పేరో చెబుతారు. ఆ రెండింటి గురించీ ఆవిడకు వీళ్లకన్నా ఎక్కువే తెలుసు. ఏ టవర్లో ఏ కంపెనీ ఎంత అద్దె కడుతోందో, ఎప్పుడు ఖాళీ చేయబోతోందో అడిగితే నిద్రలో లేపినా చెబుతుంది. ఆవిడకు తెలియనిది బిట్రగుంట.

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని ఈ రైల్వే ఊరి నుంచి వెళ్లిన కుర్రాడికి అదే అవకాశం. ఊరి గురించి చెప్పడానికి అతని దగ్గర చాలా ఉంది. 1899లో బెజవాడ, మద్రాసు రైలుమార్గాలు కలిశాక ఆవిరి ఇంజన్లకు ఇది మజిలీ అయింది. లోకో షెడ్డు, యార్డు, క్వార్టర్లు, వాటి చుట్టూ ఊరు. ఆవిరి ఇంజన్లు పోయాక షెడ్డు మూతపడింది. పాత క్వార్టర్లు కొన్ని కప్పులు కూలి, గోడల్లో రావి మొక్కలు మొలిచి నిలబడ్డాయి. రైల్వే స్థలం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఏదో ఒక ఫ్యాక్టరీ వస్తుందన్న మాట ఎన్నికలప్పుడల్లా వినబడుతూనే ఉంటుంది. పడమర పక్క పదహారో నంబరు జాతీయ రహదారి. తూర్పున అదే మండలంలో జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బరు. ఉత్తరాన కావలి దాటితే 2022 జులైలో శంకుస్థాపన జరిగిన రామాయపట్నం పోర్టు. దక్షిణాన కృష్ణపట్నం. ఇవి చాలవన్నట్టు, ఆంధ్రప్రదేశ్‌లో కట్టదలచిన రిఫైనరీకి సన్నాహక పనుల కోసం 2024 డిసెంబరులో బీపీసీఎల్ బోర్డు 6,100 కోట్ల రూపాయలకు ఆమోదం తెలిపింది. దానికి చూస్తున్న చోటు రామాయపట్నం పరిసరాలే.

ఇంత చెప్పాక మనవాడు ఊపులో ఒక మాట అంటాడు: "అందుకని అక్కడ రేట్లు పెరుగుతాయి మేడమ్."

ఆ ఒక్క మాటతో ఇంటర్వ్యూ ముగిసినట్టే.

కొనేటప్పుడే అమ్మకం

మన తాత కొన్న కయ్య అమ్మడానికి కొన్నది కాదు. ఆడపిల్ల పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో తప్పనిసరైతే తప్ప గట్టు దాటి ఎవరి చేతికీ పోదు. ఫండు కొనేదే అమ్మడానికి. పింఛను నిధులు, బీమా కంపెనీలు, సంపన్న కుటుంబాలు తలా కొంత వేసి ఏడెనిమిదేళ్లకో పదేళ్లకో తిరిగిమ్మని ఇచ్చిన డబ్బు అది. కాబట్టి కొనుగోలు ప్రతిపాదనలోనే ఎన్నో ఏట అమ్ముతాం, ఎవరికి అమ్ముతాం, ఆ కొనేవాడు ఏ లెక్కన అంత ధర ఇస్తాడు అన్నవి రాసి ఉండాలి. రేటు పెరుగుతుందన్నది ఈ మూడింటిలో దేనికీ జవాబు కాదు.

ఫండు నడిపేవాళ్లకు వచ్చే ప్రతిఫలం కూడా ఈ గడువు మీదే ఆధారపడి ఉంటుంది. రొయ్యల గుంట పొత్తు తెలిసినవాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది. పెట్టుబడి పెట్టినవాడు ఒకరు, గుంట దగ్గర పడుకుని చూసుకునేవాడు ఇంకొకరు. ముందు అసలు, దాని మీద ఒప్పుకున్న వడ్డీ పెట్టుబడిదారుకు పోవాలి. ఆపైన మిగిలినదాన్లో చూసుకున్నవాడికి వాటా. ఫండ్లలో ఆ వడ్డీని హర్డిల్ రేటంటారు, ఎనిమిది శాతం చుట్టుపక్కల ఉంటుంది. వాటాను క్యారీ అంటారు, సాధారణంగా లాభంలో ఇరవై శాతం. వాటర్‌ఫాల్ మోడల్ కట్టమని పరీక్షలో ఇచ్చేది ఈ పంపకాన్నే. పేరు విని బెదిరిపోవాల్సినంత ఏమీ లేదు.

బెదరాల్సింది కాలం లెక్కకు. "ఎకరం పది లక్షలకు కొన్నా, పదేళ్లలో కోటి అయింది" అని టీ కొట్టు దగ్గర చెబితే వినేవాళ్లు నోరెళ్లబెడతారు. లెక్క వేస్తే అది ఏటా దాదాపు 26 శాతం. అదే పది లక్షలు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పి, వడ్డీని ఏడాదికోసారి అసల్లో కలుపుకుంటూ పోతే పదేళ్లకు 86 లక్షలవుతుంది. అంటే ఊరు ఊరంతా చెప్పుకునే ఆ పదింతలు, పక్కవీధి వడ్డీ వ్యాపారి రాబడి కంటే పిసరంత ఎక్కువ. ఆ భూమి మీద నాలుగేళ్లు కోర్టు కేసు నడిచి, కోటి రావడానికి పద్నాలుగేళ్లు పట్టిందనుకోండి. ఏటా రాబడి 18 శాతానికి పడిపోతుంది. వచ్చింది అదే కోటి. ఐఆర్‌ఆర్ అన్న మూడక్షరాల వెనక ఉన్నదంతా ఇదే. ఇది ఒంటికి పట్టినవాడికి మిగతా సూత్రాలు రెండు వారాల పని.

కాగితం మీది భూమి, అద్దె వచ్చే భవనం

ఈ కొలువులు మన దేశంలో వేళ్లూనుకుని రెండు దశాబ్దాలే. 2005లో కేంద్రం ప్రెస్ నోట్ 2 తెచ్చి టౌన్‌షిప్పులు, ఇళ్లు, వాణిజ్య భవనాల నిర్మాణంలోకి నూరు శాతం విదేశీ పెట్టుబడిని అనుమతించింది. లేఅవుట్ అయితే కనీసం 25 ఎకరాలు ఉండాలని, పెట్టిన డబ్బు మూడేళ్లదాకా వెనక్కి తీసుకోకూడదని షరతులు పెట్టింది. డబ్బు వచ్చింది. చాలా భాగం ఖాళీ భూముల్లోకి, ఇంకా పునాది పడని అపార్టుమెంట్లలోకి పోయింది. 2008 సంక్షోభం వచ్చేసరికి కొనేవాడు లేడు, అమ్మే తేదీ దగ్గరపడుతోంది.

ఆ ఏడాది డిసెంబరు 16న హైదరాబాదులో జరిగింది ఈ రంగంలోకి వెళ్లాలనుకునే ప్రతి తెలుగు విద్యార్థీ చదవాల్సిన ఘట్టం. సత్యం కంప్యూటర్స్ బోర్డు మేటాస్ ప్రాపర్టీస్‌ను, మేటాస్ ఇన్‌ఫ్రాలో పెద్ద వాటాను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. రెండూ చైర్మన్ రామలింగరాజు కుటుంబంతో ముడిపడినవి. వాటాదారులు గగ్గోలు పెట్టడంతో కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గింది. మూడు వారాలకు, 2009 జనవరి 7న, లేని డబ్బు ఉన్నట్టు చూపించామని రాజు రాసిన లేఖ బయటికొచ్చింది. అందరికీ అది అకౌంటింగ్ మోసంగానే గుర్తు. భూమి వైపు నుంచి చూస్తే ఇంకొకటి కనబడుతుంది. లోటును పూడ్చడానికి ఆ పెద్దమనిషి ఎంచుకున్న వస్తువు భూమి. ఎందుకంటే అద్దె రాని భూమి విలువ ఇంత అని తేల్చే కొలబద్ద బయటివాడి దగ్గర ఉండదు. అమ్మేవాడు ఎంతంటే అంత.

దెబ్బలు తిన్న ఫండ్లు మెల్లగా అద్దెలొచ్చే భవనాల వైపు తిరిగాయి. కట్టేసిన ఆఫీసు, పేరున్న కంపెనీ అద్దెకు ఉంది, ఒప్పందం తొమ్మిదేళ్లు, మూడేళ్లకోసారి పదిహేను శాతం పెంపు. దీని విలువను ఎవరైనా కట్టొచ్చు, కాబట్టి ఎవరికైనా అమ్మొచ్చు. 2019 ఏప్రిల్లో ఎంబసీ ఆఫీస్ పార్క్స్ దేశంలో మొదటి రీట్‌గా, అంటే అద్దె భవనాల యాజమాన్యాన్ని మదుపరులకు వాటాలుగా పంచే ట్రస్టుగా, స్టాక్ మార్కెట్లోకి వచ్చింది. దాని వెనక అప్పట్లో ఉన్నది బ్లాక్‌స్టోన్ ఫండు. 2020లో మైండ్‌స్పేస్ రీట్ వచ్చింది. మాదాపూర్ మైండ్‌స్పేస్ దాని ఆస్తుల్లో పెద్ద ముక్క. 2025లో నాలెడ్జ్ రియాల్టీ ట్రస్ట్ వచ్చింది, అందులో హైదరాబాద్ నాలెడ్జ్ సిటీ ఉంది. వీటికంటే చాలా ముందే, 2007లో, ఇప్పటి క్యాపిటాలాండ్ ఇండియా ట్రస్ట్ సింగపూర్ ఎక్స్ఛేంజీలో నమోదై మాదాపూర్ భవనాల అద్దెలను సింగపూర్ మదుపరులకు పంచుతోంది.

ఇదంతా చెప్పడం చరిత్ర కోసం కాదు. ఈ రీట్లన్నీ తమ భవనాల విస్తీర్ణం, ఖాళీ, అద్దె, ప్రధాన అద్దెదారులు, విలువ కట్టిన తీరు బహిరంగంగా ప్రకటించాలి. ఎవరైనా దించుకుని చదువుకోవచ్చు. లక్షలు పోసి ఆన్‌లైన్ కోర్సు కొనేముందు మైండ్‌స్పేస్ రీట్ ఆఫర్ డాక్యుమెంటు తెరిచి, మాదాపూర్ క్యాంపస్ ఒక్కదానికి సొంతంగా ఎక్సెల్ షీటు కట్టండి. మీకొచ్చిన విలువకూ వాళ్లు చూపిన విలువకూ తేడా ఎందుకొచ్చిందో కనుక్కోండి. ఆ తేడా వెతకడంలో నేర్చుకునేది ఏ వీడియోలోనూ దొరకదు.

ఒక గోడౌను లెక్క

కావలి, బిట్రగుంట మధ్య హైవే పక్కన లక్ష చదరపు అడుగుల గోడౌను ఉందనుకుందాం. అంకెలన్నీ నేను ఊహించినవి, పరీక్షలో ఇలాగే ఇస్తారు. చదరపు అడుక్కి నెలకు 20 రూపాయల అద్దె. నెలకు 20 లక్షలు, ఏడాదికి 2.40 కోట్లు. కొంత ఖాళీ, పన్నులు, మరమ్మతులు, కాపలా కలిపి పదిహేను శాతం తీసేస్తే మిగిలే నికర ఆదాయం 2.04 కోట్లు. ఇలాంటి ఆస్తి మీద మదుపరులు ఎనిమిదిన్నర శాతం రాబడి కోరుతున్నారనుకుంటే దాని విలువ 2.04ని 0.085తో భాగిస్తే వచ్చే 24 కోట్లు. ఈ ఎనిమిదిన్నరే క్యాప్ రేటు.

ఇక్కడిదాకా అందరూ చేస్తారు. జల్లెడ పట్టేది దీని తర్వాతే.

మొదటి ప్రశ్న: మదుపరులు ఎనిమిదిన్నర కాదు, తొమ్మిదిన్నర కావాలంటే? విలువ 21.47 కోట్లు. ఒక్క శాతం మార్పుకు రెండున్నర కోట్లు గాల్లో కలిశాయి. ఇందులో అరవై శాతం, అంటే 14.40 కోట్లు, బ్యాంకు అప్పయితే ఆ నష్టమంతా మన 9.60 కోట్ల మీదే పడుతుంది. మన వాటా 7.07 కోట్లకు దిగింది. ఆస్తి విలువ పదిన్నర శాతం పడితే మనం పోగొట్టుకున్నది ఇరవై ఆరు శాతం.

రెండో ప్రశ్న ఇంకా మెలికగా ఉంటుంది: ఆ అప్పు తొమ్మిదిన్నర శాతానికి వస్తే తీసుకోవాలా? వడ్డీ ఏడాదికి 1.37 కోట్లు. అద్దెలో మిగిలేది 67 లక్షలు. మనం పెట్టిన 9.60 కోట్ల మీద అది ఏడు శాతం. అప్పే లేకపోతే ఎనిమిదిన్నర వచ్చేది. అప్పు తీసుకుంటే రాబడి పెరుగుతుందని పుస్తకంలో చదివి వచ్చినవాడు ఇక్కడ బోర్లాపడతాడు. ఆస్తి ఇచ్చేదానికన్నా బ్యాంకు అడిగేది ఎక్కువైనప్పుడు అప్పు రాబడిని తింటుంది. మన దేశంలో ఇది తరచూ ఎదురయ్యే పరిస్థితే. మరి అప్పెందుకు తీసుకుంటారంటే, అద్దె పెంపు మీదా, అమ్మేటప్పటి ధర మీదా నమ్మకంతో. ఆ నమ్మకానికి ఆధారమేంటో చెప్పగలిగితే ఉద్యోగం సగం వచ్చినట్టే.

మూడోది మనూళ్లలో ఎవరికైనా తెలిసిందే, కానీ షీట్లో పెట్టడం మరిచిపోతారు. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. 24 కోట్ల మీద 1.80 కోట్లు. కొన్న మరుక్షణం మన ఖర్చు 25.80 కోట్లయింది, రాబడి 7.9 శాతానికి తగ్గింది. పెద్ద ఫండ్లు భవనాన్ని కాకుండా ఆ భవనం ఉన్న కంపెనీ వాటాలను కొనడానికి ఇదొక కారణం. పైసల లెక్క కాదిది. ఐదేళ్ల రాబడిని అటూ ఇటూ చేసే లెక్క.

అప్పు మాట వచ్చింది కాబట్టి అమెరికా సంగతి ఒకటి. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల తెలుగు ఐటీ ఉద్యోగులు కలిసి డబ్బు వేసుకుని అపార్టుమెంటు సముదాయాలు కొనడం చాన్నాళ్లుగా నడుస్తోంది. వాట్సాప్ గ్రూపుల్లో, తెలుగు సంఘాల సమావేశాల్లో ఈ ప్రతిపాదనలు చేతులు మారుతుంటాయి. అది కూడా రియల్ ఎస్టేట్ ప్రైవేట్ ఈక్విటీయే, చిన్న ఎత్తున. హ్యూస్టన్‌లో యాపిల్స్‌వే ఇన్వెస్ట్‌మెంట్ గ్రూప్ అనే సంస్థ ఇలాగే మదుపరుల డబ్బుతో కొన్న నాలుగు సముదాయాలు, మొత్తం 3,200కు పైగా ఫ్లాట్లు, 2023లో అప్పు కట్టలేక జప్తయ్యాయి. కొన్నప్పుడు వడ్డీ తక్కువ, కానీ మారే వడ్డీ. 2022 మార్చిలో సున్నాకు దగ్గరగా ఉన్న అమెరికా ఫెడరల్ రిజర్వ్ రేటు 2023 జులై నాటికి ఐదుంపావు దాటింది. అద్దెలు అంత వేగంగా పెరగవు కదా. పై గోడౌను షీట్లో వడ్డీ గడిని తొమ్మిదిన్నర నుంచి పన్నెండుకు మార్చి చూడండి. వడ్డీకి ఒకటిన్నర రెట్లున్న ఆదాయం దాదాపు 1.2 రెట్లకు జారుతుంది. ఒక్క అద్దెదారు ఖాళీ చేస్తే చాలు, బ్యాంకు నుంచి ఫోనొస్తుంది.

చుక్కలు, జాబితాలు, అంకణాలు

ఎక్సెల్ ఢిల్లీ పిల్లలకూ వస్తుంది. ఇప్పుడు చెప్పబోయేది నెల్లూరు పిల్లలకు ఇంట్లోనే వస్తుంది.

2023 మే 12న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి కావలి వచ్చి చుక్కల భూముల మీద ఆంక్షలు ఎత్తివేసే కార్యక్రమం ప్రారంభించారు. రాష్ట్రవ్యాప్తంగా 97,471 కుటుంబాల చేతుల్లోని రెండు లక్షల ఆరు వేల ఎకరాల సంగతి అది. బ్రిటిష్ హయాంలో సర్వే, సెటిల్‌మెంట్ చేసినప్పుడు రిజిస్టరులో యజమాని పేరుండాల్సిన గడిలో పేరు రాయకుండా చుక్కలు పెట్టి వదిలేసిన భూములు. తాతల నుంచి దున్నుకుంటున్నా అప్పటిదాకా అమ్ముకోవడానికి లేదు, తాకట్టుకు లేదు. అవి రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో చేరి కూర్చున్నాయి. ముంబైలో కూర్చుని మోడల్ కట్టేవాడి షీట్లో ఆ చుక్కకు గడి లేదు.

చుక్కలే కాదు. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. సహకార ఉమ్మడి సేద్య సొసైటీల పేరిట ఇచ్చిన సీజేఎఫ్‌ఎస్ భూములు నెల్లూరు జిల్లాలో చాలాచోట్ల ఉన్నాయి. అడంగల్లో ఒకరి పేరు, వన్-బీలో ఇంకొకరు, పొలంలో మూడోవాడు. కొలతల దగ్గర కూడా జాగ్రత్త కావాలి. ఇంటి స్థలాల బేరం మనవైపు అంకణాల్లో నడుస్తుంది. ఆ అంకణం 36 చదరపు అడుగులనీ, 72 అనీ ప్రాంతాన్ని బట్టి రెండు లెక్కలున్నాయి. అడక్కుండా షీట్లో ఎక్కిస్తే సగానికి సగం తేడా.

మన దగ్గర రిజిస్ట్రేషన్ అంటే లావాదేవీ జరిగిందన్న నమోదే. హక్కుకు సర్కారు పూచీ కాదు. పూచీ ఇస్తామంటూ రాష్ట్రం 2022లో చేసిన భూహక్కుల చట్టం పెద్ద గొడవై 2024లో రద్దయింది. అందుకే ఫండ్లు ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీది లావాదేవీల పత్రం), లింకు డాక్యుమెంట్లు తిరగేయడానికి లాయర్లకు భారీగా ఫీజులిస్తాయి. రిజిస్ట్రార్ ఆఫీసు బయట డాక్యుమెంట్ రైటరు పక్కన ఒక వేసవి కూర్చున్న విద్యార్థి, ఆ లాయర్ల నివేదికలో ఏ పేరా దగ్గర ఆగాలో ఇట్టే పట్టేస్తాడు. ఇంటర్న్‌షిప్ అంటే గాజు భవనమే కానక్కర్లేదు.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా మనుషులుంటారు. 2025లో ఉలవపాడు మండలం కరేడులో పరిశ్రమకు భూములిచ్చేది లేదని రైతులు రోడ్డెక్కారు. పెట్టుబడి నివేదికల్లో దీన్ని జాప్యం తాలూకు రిస్కు అని ఒక్క వాక్యంలో రాస్తారు. అది అన్యాయమైన వాక్యమని నా అభిప్రాయం. అయినా, కరేడు ఎక్కడుందో తెలిసినవాడు రాస్తే ఆ వాక్యం కాస్త నిజాయితీగా ఉంటుంది. గడువు లెక్క కూడా సరిగ్గా పడుతుంది.

బిట్రగుంట ప్రతిపాదన

ఇప్పుడు మనవాడు ఆవిడకు ఏం చెప్పాలి?

రైల్వే తన భూమిని అమ్మదు, లీజుకిస్తుంది. ఖాళీ స్థలాల వాణిజ్య అభివృద్ధి చూసేది రైలు భూముల అభివృద్ధి సంస్థ అయిన ఆర్‌ఎల్‌డీఏ. సరుకు రవాణా టెర్మినళ్ల కోసమైతే 2022 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం కొత్త విధానానికి ఆమోదం తెలిపింది. 35 ఏళ్ల దాకా లీజు, ఏటా భూమి మార్కెట్ విలువలో ఒకటిన్నర శాతం. ఎకరం కోటి అనుకుంటే ఇరవై ఎకరాలకు ఏడాదికి 30 లక్షలు. అదే భూమి కొనాలంటే ఇరవై కోట్లు ముందే పొయ్యాలి. రైలు, రోడ్డు రెండూ పక్కనే. చేపలు, రొయ్యల శీతల గిడ్డంగికీ, పోర్టు సరుకు నిల్వకూ అనువైన చోటు. చూడటానికి బంగారం.

ఆ తర్వాత తనే ఎదురు ప్రశ్నలు వేసుకోవాలి. లీజు 35 ఏళ్లు, మనం ఏడో ఏట అమ్మితే కొనేవాడికి మిగిలేది 28 ఏళ్లు, ఆపై కట్టడం ఎవరిది? ఆ ధరలో ఎంత కోత పడుతుంది? తరిగిపోయే లీజు మీద బ్యాంకు ఎన్నేళ్ల అప్పిస్తుంది? రొయ్య ఎగుమతిదారులకు ఇప్పటికే సొంత శీతల గిడ్డంగులున్నాయి, వాళ్లెందుకు మారతారు? పోర్టు నిండా పనిచేసేది ఎప్పుడు, రిఫైనరీ గోడలు లేచేది ఎప్పుడు? ఆ రెండూ రెండేళ్లు ఆలస్యమైతే ఐఆర్‌ఆర్ ఎంత?

వీటన్నిటి తర్వాత నేనైతే చెప్పే జవాబు "ఇప్పుడే వద్దు" అని. పేరున్న అద్దెదారు ఒకరు పదేళ్ల ఒప్పందం మీద సంతకం చేశాక, టెర్మినల్ నడపడం తెలిసిన సంస్థతో కలిసి, వంద కోట్లు కాదు, అందులో చిన్న ముక్కతో వెళ్లొచ్చు. వంద కోట్లు మింగే గిరాకీ అక్కడ ఈరోజు లేదు. సొంత ఊరికి డబ్బు వద్దని చెప్పడం కష్టమే. కానీ ఫండ్ల పెట్టుబడి కమిటీలు చూసే ప్రతిపాదనల్లో ఎక్కువ భాగం తిరస్కరించేవే. ఎందుకు వద్దో, ఏం జరిగితే అవునో చెప్పగలవాడే వాళ్లకు కావాలి. ఊరి మీద మమకారంతో అవునన్నవాణ్ని రేపు ఏ బిల్డరైనా భోజనం పెట్టి ఒప్పించగలడు.

ప్రతిపాదనకు పోలిక కావాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. రవీంద్ర సన్నారెడ్డి, శ్రీనిరాజు మొదలుపెట్టి 2008 ఆగస్టులో ప్రారంభమైన శ్రీసిటీ మన దక్షిణాన, తడ దగ్గరే ఉంది. పంటలు సరిగా పండని భూముల్లోకి ఇసుజు, మాండెలిజ్, ఆల్‌స్టోమ్ ఎట్లా వచ్చాయి, అందుకు చెన్నై పోర్టుల దగ్గరితనం ఎంత, ఓపిక ఎంత అన్నది లెక్కగడితే బిట్రగుంటకు ఏం తక్కువో తెలుస్తుంది.

తలుపులు ఎక్కడ

నిజం చెప్పాలంటే ముందు తలుపు ఇరుకు. బ్లాక్‌స్టోన్, బ్రూక్‌ఫీల్డ్, జీఐసీ లాంటి చోట్ల భారత బృందాలు చిన్నవి. ఐఐఎంలు, ఐఎస్‌బీ, పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల అనుభవం చూస్తారు. అమెరికాలో అయితే బ్యాంకులో చేరిన కొన్ని నెలలకే, రెండేళ్ల తర్వాతి ఫండు ఉద్యోగానికి ఇంటర్వ్యూలు మొదలైపోతాయి. ఇక్కడ అంత పద్ధతి లేదు. ఖాళీ వస్తుంది, తెలిసినవాళ్ల ద్వారా కబురొస్తుంది.

పక్క తలుపులు చాలా ఉన్నాయి. జేఎల్‌ఎల్, సీబీఆర్‌ఈ, నైట్ ఫ్రాంక్, కుష్‌మన్ అండ్ వేక్‌ఫీల్డ్ లాంటి సలహా సంస్థల్లో విలువ కట్టే విభాగం, బ్యాంకుల ప్రాజెక్టు రుణాల విభాగం, రేటింగ్ ఏజెన్సీలు, పెద్ద బిల్డర్ల ఫైనాన్స్ టీములు. రెండు మూడేళ్లు అక్కడ చేసి కోటక్, హెచ్‌డీఎఫ్‌సీ క్యాపిటల్, గోద్రెజ్, మోతీలాల్ ఓస్వాల్ వంటి దేశీయ ఫండ్లకు మారొచ్చు. ఆగిపోయిన ఇళ్ల ప్రాజెక్టుల కోసం కేంద్రం 2019లో పెట్టించిన స్వామి ఫండును ఎస్‌బీఐ అనుబంధ సంస్థ నడుపుతోంది. చెడిపోయిన ప్రాజెక్టును బాగుచేయడం నేర్చుకోవాలంటే అలాంటి బడి ఇంకోటి లేదు.

సీఏ చదివినవాళ్లను ఈ రంగం చిన్నచూపు చూడదు. కావలి జవహర్ భారతిలో బీకాం చేసి సీఏ ముగించిన పిల్ల, అప్పు ఒప్పందంలో షరతులు చదవడంలో ఎంబీఏలను దాటేయగలదు. సివిల్ ఇంజనీర్లకు నిర్మాణ వ్యయం నోటికొచ్చు. ప్లానింగ్ చదవాలనుకుంటే విజయవాడలో ఎస్‌పీఏ, ఫైనాన్స్ కోసం శ్రీసిటీలోనే క్రియా యూనివర్సిటీ కింద ఐఎఫ్ఎంఆర్ ఉన్నాయి. సెబీ 2012 నిబంధనల ప్రకారం రియల్ ఎస్టేట్ ఫండ్లు ప్రత్యామ్నాయ పెట్టుబడి నిధుల (ఏఐఎఫ్) రెండో కేటగిరీలోకి వస్తాయి. వీటిలో పనిచేసేవాళ్ల కోసం ఎన్‌ఐఎస్‌ఎం పరీక్ష ఉంది, తక్కువ ఖర్చుతో రాయొచ్చు. దానితో ఉద్యోగం రాదు, కానీ రాసినవాడికి భాష తెలుసని అర్థమవుతుంది.

ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటారు. జీతం, సెలవులు తర్వాత అడగొచ్చు. ముందు ఫండు వయసు అడగండి. డబ్బు పోగుచేసి ఏడాదైన ఫండైతే వచ్చే మూడేళ్లు కొనుగోళ్లే, కొత్తవాడికి వారానికో స్థలం చూసే పని దొరుకుతుంది. ఐదేళ్లు దాటినదైతే కొనడం అయిపోయింది, ఇక అద్దెదార్లతో బేరాలు, అమ్మకాలు. రెండూ నేర్చుకోదగ్గవే కానీ రెండూ ఒకటి కాదు. కిందటేడాది ఎన్ని ప్రతిపాదనలు చూసి ఎన్ని వద్దన్నారో అడగండి. క్యారీలో వాటా ఏ స్థాయి నుంచి ఇస్తారో, మధ్యలో మానేస్తే అది ఏమవుతుందో అడగండి. 2007లో పుట్టిన ఫండ్లలో చేరిన చాలామందికి క్యారీ కాగితం మీదే మిగిలింది. ఆ సంగతి మీకు తెలుసని వాళ్లకు తెలియడంలో తప్పేమీ లేదు.